డ్యూటీలో జారిపడితే సిక్ లీవ్ పెట్టుకోవాలా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతం 18,000. నెలనెలా ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్ అవుతుంది. పోయిన వారం నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున బ్లడ్ శాంపిల్స్ ట్రే పట్టుకుని ల్యాబ్‌కి వెళ్తుంటే మేల్ వార్డు కారిడార్‌లో జారిపడ్డాను. అప్పుడే ఆయమ్మ తడిబట్ట పెట్టి వెళ్లింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కట్టు వేసి ఆరు వారాలు రెస్ట్ అన్నారు. ట్రేలో ఒక ట్యూబు పగిలి అరచేతికి చిన్న గాటు పడింది గానీ అది మానిపోయింది.

వైద్యం మా హాస్పిటల్లోనే ఫ్రీగా చేశారు, కాబట్టి ఇంకేమీ అడగొద్దంటున్నారు. 'నా అజాగ్రత్త వల్ల పడ్డాను' అని రాసి సంతకం పెట్టమని హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. అది ఇష్టం లేకపోతే ఆయమ్మ మీద కంప్లైంట్ రాయమంటున్నారు. ఆమె కాంట్రాక్టు మనిషి, రాస్తే మర్నాడే తీసేస్తారు. ఈ ఆరు వారాలకూ సిక్ లీవ్ పెట్టుకోమన్నారు. ఇంట్లో మా ఆయన కూడా 'చూసుకుని నడవాల్సింది' అంటున్నారు. నిజంగా తప్పు నాదేనా? సంతకం పెట్టాలా వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.

— ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు:

అమ్మా, సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ అరచేతి గాటు గురించి ముందు చెప్పాలి. ఈ ముక్క వరకూ ప్రచురణకు ఆగకుండా మీ మెయిల్‌కి ముందే పంపాను. ఇలాంటి స్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

రక్తం ఉన్న ట్యూబు పగిలి చెయ్యి కోసుకుందంటే, సూది గుచ్చుకున్నప్పుడు ఏం చేస్తామో అదంతా చేయాలి. గాటు చిన్నదా పెద్దదా అన్నది కాదు, ఎవరి రక్తం అన్నది ముఖ్యం. ట్యూబు మీద లేబుల్ ఉంటుంది, ఆ రోగి ఎవరో రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ రోగికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షల రిపోర్టు ఉందా అని మీ డ్యూటీ డాక్టర్‌ని అడగండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే వాటివల్ల ఉపయోగం లేదు. మీకు ఆ గడువు దాటిపోయింది. అంతమాత్రాన కంగారు పడొద్దు. పరీక్ష ఇప్పుడొకసారి, ప్రమాదం జరిగిన ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయి, యాంటీబాడీ టెస్టులో 10 దాటినట్టు మీ దగ్గర కాగితం ఉంటే ఆ జబ్బు గురించి నిశ్చింతగా ఉండొచ్చు. టెస్టు ఎప్పుడూ చేయించుకోకపోతే డాక్టర్‌కి ఆ మాటే చెప్పండి. అప్పుడు ఏమివ్వాలో వాళ్లు చూస్తారు. ఆలస్యం మాత్రం చేయకండి. ప్రమాద నివేదికలో ఈ గాటు గురించి కూడా తప్పకుండా రాయాలి. మానిపోయింది కదా అని వదిలేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు అది డ్యూటీలో వచ్చిందని చెప్పడానికి మీ చేతిలో కాగితం ముక్క ఉండదు.

ఇక మీ ప్రశ్న. సంతకం పెట్టొద్దు. సిక్ లీవూ పెట్టొద్దు. ఆయమ్మ మీదా రాయొద్దు.

తప్పు ఎవరిది అన్న చర్చలోకి మిమ్మల్ని లాగడమే ఇక్కడ అసలు కిటుకు. ఆ చర్చ మొదలైందంటే, మీరో ఆయమ్మో ఎవరో ఒకరు దోషిగా తేలాలి, మిగతావాళ్లు చేతులు దులుపుకోవాలి. కానీ ఈఎస్‌ఐలో ఉన్న మనిషికి డ్యూటీలో దెబ్బ తగిలితే, చూసేది అజాగ్రత్త కాదు. దెబ్బ పని వేళలో, పని చేస్తుండగా, ఆ పని వల్ల తగిలిందా అన్నదే చూస్తారు. పని వేళలో జరిగిందని తేలితే, పని వల్లే జరిగిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపించే ఆధారం ఎవరి దగ్గరైనా ఉంటే తప్ప ఆ అభిప్రాయం మారదు. శాంపిల్ ట్రేతో వార్డు నుంచి ల్యాబ్‌కి నడవడం మీ పని కాకపోతే మరెవరి పని? 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 'చట్టం మారిపోయిందమ్మా, ఇప్పుడవేవీ లేవు' అని ఎవరైనా అంటే నమ్మకండి. ఉద్యోగ ప్రమాదానికి రక్షణ కొత్త కోడ్‌లోనూ ఉంది.

సిక్ లీవ్ పెడితే ఇది మామూలు జబ్బుగా నమోదవుతుంది. దానివల్ల మీకేం పోతుందో లెక్క చూద్దాం. ఈఎస్‌ఐలో జబ్బు చేసినప్పుడు ఇచ్చేది సగటు రోజు వేతనంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. డ్యూటీలో దెబ్బ తగిలి పని చేయలేకపోతే ఇచ్చేది 90 శాతం, పని చేయలేని స్థితి ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. మీ జీతం మీద సుమారుగా వేసుకుంటే రోజుకు 600 అనుకుందాం. జబ్బు కింద 420 వస్తుంది, ఉద్యోగ ప్రమాదం కింద 540. ఆరు వారాలకు తేడా 5,000 పైచిలుకు. డబ్బు సంగతి ఇంతే అయితే, పోనీలే అనుకునేవాళ్లూ ఉంటారు. అయితే మీ 91 రోజుల్లో 42 ఇక్కడే ఖర్చయిపోతాయి. తర్వాత అదే ఏడాది డెంగీయో టైఫాయిడో వస్తే మిగిలిన రోజులతోనే సరిపెట్టుకోవాలి. ఇంకో తేడా ఇంతకంటే పెద్దది. కట్టు విప్పాక మణికట్టు బిగుసుకుపోయి, పట్టు తగ్గి, చెయ్యి పూర్తిగా మునుపటిలా రాకపోతే, ఉద్యోగ ప్రమాదమైతే మెడికల్ బోర్డు మీ సంపాదన శక్తి ఎంత తగ్గిందో నిర్ణయిస్తుంది. దాన్నిబట్టి నెలనెలా డబ్బు వస్తుంది. సిక్ లీవ్‌గా నమోదైన ఎముకకు ఆ దారి ఉండదు. నర్సుకు కుడి మణికట్టు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీలా నాలుగేళ్ల సర్వీసు లేకుండా కొత్తగా చేరినవాళ్లకు ఇంకో మాట. జబ్బు డబ్బు రావాలంటే ముందు కొన్ని రోజుల చందా కట్టి ఉండాలి. ఉద్యోగ ప్రమాదానికి ఆ షరతు లేదు. చేరిన మొదటి రోజు పడ్డా వర్తిస్తుంది.

'ఫ్రీగా చూశాం కదా' అన్న మాటకు మొహమాట పడకండి. వైద్యం చేశారు, సంతోషం, థాంక్స్ చెప్పండి. కానీ మీ జీతంలోంచి 0.75 శాతం, యాజమాన్యం నుంచి 3.25 శాతం ఇన్నేళ్లుగా కడుతున్నది సరిగ్గా ఇలాంటి రోజు కోసమే. వాళ్ల వైద్యం ఈఎస్‌ఐకి బదులు కాదు.

ఇప్పుడు చేయాల్సినవి. ఆసుపత్రిలో ఉద్యోగుల ప్రమాదాలు రాసే యాక్సిడెంట్ రిజిస్టర్ ఉండాలి, అందులో ఇది ఎక్కిందో లేదో కనుక్కోండి. యాజమాన్యం ఈఎస్‌ఐకి ఫారం 12 అనే యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. పంపమని ఒక మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే గాలికి పోతుంది. వాళ్లు పంపకపోయినా మీరు ఆగనవసరం లేదు. ఎక్స్‌రే, డాక్టర్ చీటీ, డ్యూటీ రోస్టర్ కాపీ, పే స్లిప్ తీసుకుని మీకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లండి. ఇది డ్యూటీలో తగిలిన దెబ్బ అని అక్కడి డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లు మామూలు జబ్బుగానే సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని మార్పించడానికి తర్వాత చెప్పులరిగేలా తిరగాలి. సర్టిఫికెట్లు విడవకుండా తీసుకుంటూ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వాలి. ఎక్కడైనా అడ్డుపడితే ఈఎస్‌ఐ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2526 ఉంది.

నివేదిక ఎలా రాయాలో కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే తమ గోతిని తామే తవ్వుకుంటారు. నర్సింగ్ నోట్స్‌లో రోగి గురించి ఎంత కచ్చితంగా రాస్తామో, మన గురించి రాయాల్సి వచ్చేసరికి 'తొందరలో చూసుకోక' అని క్షమాపణ పత్రంలా మొదలుపెడతాం. నివేదికలో అభిప్రాయాలు వద్దు, చూసింది రాయండి. ఉదాహరణకు ఇలా: 'ఫలానా తేదీ ఉదయం సుమారు 5:40కి, మేల్ వార్డు ముందు కారిడార్‌లో, శాంపిల్ ట్రేతో ల్యాబ్‌కి వెళ్తూ జారిపడ్డాను. నేల గోడ నుంచి గోడ వరకు తడిగా ఉంది. తడి నేల అన్న బోర్డు అక్కడ లేదు. కారిడార్‌లో రెండు లైట్లలో ఒకటే వెలుగుతోంది. కుడి చెయ్యి ఆనించి పడటంతో మణికట్టు విరిగింది. ట్యూబు పగిలి అరచేతికి గాటు పడింది. ఆ సమయంలో అక్కడున్నవారు ఫలానా.' లైట్లు, బోర్డు గురించి మీ ఉత్తరంలో లేదు, నేను నమూనాకి రాశాను. మీరు నిజంగా చూసిందే రాయండి. కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి టైపు చేసి మెయిల్ పెట్టడమే మేలు, తేదీ, టైము వాటంతటవే పడతాయి. ఆ రోజు వేసుకున్న చెప్పుల ఫోటో, వీలైతే ఆ కారిడార్ ఫోటో తీసి పెట్టుకోండి. మీరు పడినప్పుడు అక్కడున్న తోటి నర్సు రెండు వాక్యాలు వాట్సాప్‌లో పంపినా పనికొస్తుంది.

ఆయమ్మ గురించి మీకున్న ఆ ఆలోచన నాకు నచ్చింది. ఆమె మీద రాయనక్కర్లేదు సరికదా, రాస్తే అసలు కారణం దాగిపోతుంది. నేను ప్రభుత్వాసుపత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున అయిదు, ఆరు గంటల మధ్య వార్డులో ఏం జరుగుతుందో చూడండి. డాక్టర్ల రౌండ్స్ లోపు నేల మెరవాలని హౌస్ కీపింగ్ సరిగ్గా ఆ వేళకే తడిబట్ట పెడుతుంది. సరిగ్గా ఆ వేళకే నర్సులు శాంపిల్స్ తీస్తారు, ఇంజెక్షన్లు వేస్తారు, యూరిన్ బ్యాగులు ఖాళీ చేస్తారు, ఛార్టులు పూర్తి చేస్తారు. రాత్రంతా కూర్చోని కాళ్లు, నిద్రలేని కళ్లు, చేతిలో ట్రే ఉంటే పాదాల దగ్గర నేల కూడా కనపడదు. పైగా అటెండెంట్లు అప్పుడే లేచి మొహం కడుక్కోవడానికి బాత్రూములకు వరస కడతారు, వాళ్ల కాళ్లతో వచ్చే నీళ్లు వేరు. నేల ఎక్కువ తడిగా ఉండే గంటా, మనుషులు ఎక్కువ నడిచే గంటా ఒకటే. ఆ టైము పెట్టింది ఆయమ్మ కాదు.

ఆమె చేతిలోని పద్ధతి కూడా ఆమె ఎంచుకున్నది కాదు. కారిడార్‌ని నిలువునా సగం తుడిచి, అది ఆరాక మిగతా సగం తుడవాలి. అప్పుడు నడిచేవాళ్లకు ఎప్పుడూ ఒక పొడి దారి ఉంటుంది. రెండంతస్తులకు ఒకే మనిషిని పెట్టినచోట ఈ పద్ధతి కుదరదు. గోడ నుంచి గోడకు ఒకే ఊపులో లాగేసి పైకి పరిగెత్తాల్సిందే. ఫినాయిలు, సోపాయిలు కొలత లేకుండా సీసా వంచి పోస్తే నేల శుభ్రం అయ్యేది ఏమీ ఉండదు, పైన జిడ్డు పొర మిగులుతుంది. ఆరిపోయిందనుకున్న నేల మీద కూడా జారేది అందుకే. కొలత గిన్నె ఇవ్వకుండా కొలత తప్పిందనడం న్యాయం కాదు. ఇక పసుపు బోర్డులు. చాలా ఆసుపత్రుల్లో అది లిఫ్టు పక్కన గోడకి ఆనించి ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, కూజా పక్కన గ్లాసులా. ఎప్పుడూ ఉండే బోర్డుని ఎవరూ చూడరు. తడి ఉన్నప్పుడు పెట్టి, ఆరాక తీస్తేనే దానికి విలువ.

తప్పు మీదేనా అని అడిగారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో 2009 లెక్కల ప్రకారం, మెట్లూ నిచ్చెనలూ కాకుండా నడిచే నేల మీదే పడి పనిరోజులు పోగొట్టుకున్నవాళ్లు ఆసుపత్రుల్లో ప్రతి 10,000 మందికి 38 మంది. మిగతా ప్రైవేటు రంగమంతా కలిపితే 20 మంది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లంతా నడక రానివాళ్లని అనుకోలేం కదా. అక్కడే మూడు ఆసుపత్రుల్లో 1996 నుంచి 2005 వరకు చేసిన అధ్యయనంలో పడటానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం నేల మీది తడి, జిడ్డు. తుడిచే పద్ధతి, చెప్పులు, వైర్లు, లైట్లు, ఒలికినవి వెంటనే తుడిచే ఏర్పాటు, వీటన్నిటినీ కలిపి సరిచేశాక ఇలాంటి గాయాల క్లెయిములు 58 శాతం తగ్గాయి. మనుషులు వాళ్లే, కాళ్లూ వాళ్లవే. ఈ అంకె మీ ఆయనకు వినిపించండి. ఆయన మీద కోపం పెట్టుకోకండి, ఇంట్లోవాళ్లు భయంతో అనే మొదటి మాట ఎప్పుడూ అదే.

చెప్పుల విషయం కూడా తేల్చుకోవాలి. యూనిఫామ్‌కి తెల్ల చెప్పులు ఉండాలంటారు, అడుగు ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు. మనం తక్కువలో వచ్చింది కొనుక్కుని, గీతలన్నీ అరిగి అప్పచ్చిలా అయ్యేదాకా వేస్తాం. ఐసీయూ, ఓటీ బయట పెట్టే ఉమ్మడి రబ్బరు చెప్పులు మరీ ఘోరం, ఎవరి సైజు ఎవరికీ సరిపోదు. ఇంగ్లండులో 4,500 మందికి పైగా ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది మీద ఒక పరీక్ష చేశారు. జారకుండా పట్టు ఉండే బూట్లు యాజమాన్యమే ఇచ్చిన వాళ్లలో జారడం 37 శాతం తగ్గింది. మీ నర్సింగ్ ఇన్‌ఛార్జిని అడగాల్సింది ఇదే, చెప్పులు యూనిఫామ్‌లో భాగంగా ఇమ్మని. అడగ్గానే ఇవ్వరు, తెలుసు. అయినా అడిగిన మెయిల్ రికార్డులో ఉండాలి. ఈలోగా మీరు కొనుక్కునేటప్పుడు వెనక పట్టీ ఉన్నది, అడుగున లోతైన గీతలున్నది చూసుకోండి.

జారడం కాక తట్టుకుని పడేవీ తక్కువేం కాదు. పాత మంచాలకు కాళ్ల వైపు బయటికి పొడుచుకొచ్చే హ్యాండిల్ ఉంటుందే, తిప్పాక లోపలికి మడవకపోతే మోకాలి కింద ఎముకకు సరిగ్గా తగులుతుంది. మానిటర్ వైర్లు, సక్షన్ ట్యూబులు, మంచం కింద నుంచి సగం బయటికొచ్చిన స్టూలు, బాత్రూము గడప, రాత్రి లైటు తీసేశాక కారిడార్‌లో చాప పరుచుకుని పడుకున్న అటెండెంటు కాళ్లు. స్కానింగ్ రూములో జెల్, శానిటైజర్ సీసా కింద కారిన చుక్కలు, నెలల తరబడి బకెట్ పెట్టి సరిపెట్టే ఏసీ నీళ్లు. ఏసీ నీళ్ల కింద బకెట్ కనపడితే అది రిపేరు కాదని, వాయిదా అని అర్థం. మీ వార్డులో ఇలాంటివి ఏమున్నాయో ఇంట్లో కూర్చున్న ఈ రోజుల్లో రాసిపెట్టండి. ఎవరి పేరూ లేకుండా, స్థలం, వస్తువు మాత్రమే రాసి యాజమాన్యానికి ఇవ్వండి. ఆయమ్మని కాపాడటానికి దీనికంటే మంచి దారి లేదు.

ఆమె కాంట్రాక్టు మనిషి అన్నారు కదా. రేపు పడేది ఆమే కావచ్చు. ఏజెన్సీ ద్వారా వచ్చినా ఆమెకూ ఈఎస్‌ఐ ఉండాలి, ఏజెన్సీ కట్టకపోతే ఆ బాధ్యత ఆసుపత్రి మీద పడుతుంది. ఆమెకు ఈఎస్‌ఐ కార్డు ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. జీతం 21,000 దాటి ఈఎస్‌ఐలోంచి బయటికొచ్చిన మీ సీనియర్లకు ఈ 90 శాతం లెక్క వర్తించదు. వాళ్లకు దెబ్బ తగిలితే యాజమాన్యం నుంచే పరిహారం అడిగే దారి చూసుకోవాలి, దానికి కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కోవాలి.

హెచ్‌ఆర్ మళ్లీ ఫోన్ చేస్తే గొడవ పడకండి. 'నివేదిక మెయిల్‌లో పంపాను సార్, అందులో రాసిందే నా స్టేట్‌మెంట్' అని ఆపేయండి. ఖాళీ కాగితం మీద, చదవనివ్వని కాగితం మీద సంతకం పెట్టకండి. 'ఉద్యోగం ఉండాలంటే పెట్టు' అని ఎవరైనా అంటే, ఆ మాట ఎవరు ఏ రోజు అన్నారో రాసిపెట్టుకుని కార్మిక శాఖకు వెళ్లండి.

చెయ్యి సంగతి. కట్టులో ఉన్నా వేళ్లు, మోచెయ్యి, భుజం రోజూ కదపాలి, లేకపోతే మణికట్టు అతికేలోపు భుజం పట్టేస్తుంది. వేళ్లు వాచినా, తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, కట్టు బిగిసి నొప్పి పెరుగుతున్నా ఆ పూటే చూపించాలి. చేతికి ఉంగరం ఉంటే ఇప్పుడే తీసేయండి. కట్టు విప్పాక ఫిజియోథెరపీ ఎగ్గొట్టొద్దు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లకు: చెయ్యి ఆనించి పడ్డాక, బొటనవేలి మొదట్లో గుంటలా ఉండే చోట నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ఊరుకోవద్దు. అక్కడి చిన్న ఎముక విరిగిన సంగతి ఒక్కోసారి పది, పద్నాలుగు రోజుల తర్వాత తీసిన ఎక్స్‌రేలోనే బయటపడుతుంది.

నాలుగో వారం వచ్చేసరికి 'లైట్ డ్యూటీ ఇస్తాం, వచ్చేయమ్మా, స్టాఫ్ లేరు' అని కబురు వస్తుంది. ఆసుపత్రిలో లైట్ డ్యూటీ కాగితం మీదే ఉంటుంది. ఫైల్స్ చూడటానికని పిలిచి, అరగంటలో ఐవీ పెట్టమంటారు, రోగిని పక్కకి తిప్పమంటారు. ఈఎస్‌ఐ డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా వెళ్లకండి. దెబ్బ కింద డబ్బు తీసుకుంటున్న రోజుల్లో డ్యూటీ చేస్తే ఆ డబ్బూ ఆగిపోతుంది. పిలుపు వస్తే సర్టిఫికెట్ కాపీ వాట్సాప్‌లో పెట్టి, తేదీ చెప్పండి.